సింగపూర్, కౌలాలంపూర్ కుటుంబ యాత్ర: విమానం, హోటలు, స్థానిక రవాణా ఏ వరుసలో ఖాయం చేసుకోవాలి

సెలవులు దగ్గర పడేకొద్దీ ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది: "అమ్మానాన్నలు, పిల్లలతో సింగపూర్, మలేషియా వెళ్లాలి. ప్యాకేజీ తీసుకోవడం ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" చాలామంది చౌక టికెట్టు వెతకడంతో మొదలుపెడతారు. లెక్క తప్పేది అక్కడే. మనిషికి రెండు వేలు తగ్గిందని తెల్లవారుజామున రెండింటికి దిగే విమానం ఎంచుకుంటే, ఆ వేళకు మెట్రో ఉండదు. టాక్సీ మీటరు మీద సగం అదనంగా పడుతుంది. హోటలువారు గది మధ్యాహ్నం గానీ ఇవ్వరు. మిగిలిందనుకున్న డబ్బు మొదటి పూటే పోతుంది, పోయిన నిద్ర దానికి వడ్డీ.

అందుకే ఇక్కడ లెక్క ఒక్కటే: మన ఇంటి గుమ్మం నుంచి హోటలు గది గుమ్మం దాకా అయ్యే మొత్తం ఖర్చు, పట్టే మొత్తం గంటలు. నమూనాగా ఆరుగురున్న కుటుంబాన్ని తీసుకుందాం: దంపతులు, ఇద్దరు పిల్లలు, డెబ్బైకి దగ్గర పడిన పెద్దవాళ్లిద్దరు. సింగపూర్‌లో నాలుగు రాత్రులు, కౌలాలంపూర్‌లో మూడు. హైదరాబాదులో బయలుదేరి హైదరాబాదులోనే దిగాలి. మీ కుటుంబం ఇంతకంటే చిన్నదైతే పని ఇంకా తేలిక.

## 1. ముందు పాస్‌పోర్టులన్నీ బల్ల మీద పరవండి

తేదీలు అనుకోకముందే చేయాల్సిన పని ఇది. రెండు దేశాలకూ మీరు చేరే నాటికి పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. పిల్లల పాస్‌పోర్టులకు గడువు తక్కువ కాబట్టి అవే ఎక్కువగా దెబ్బ తీస్తాయి. పెద్దవాళ్లవి పదేళ్లు కదా అని ఎవరూ తెరిచి చూడరు, అవీ చూడండి.

తరువాత పేర్లు. మన దగ్గర ఇంటి పేరు ఒక పాస్‌పోర్టులో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది. మరోదాంట్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆధార్‌లోనో బ్యాంకు ఖాతాలోనో ఉన్నట్టు కాదు. ఇంటి పేరు గడి ఖాళీగా ఉన్నవారు ఆ విమాన సంస్థ సూచన చదివాకే పేరు నింపండి. కొన్ని సంస్థలు ఉన్న పేరునే రెండు గడుల్లోనూ రాయమంటాయి, కొన్ని వేరే పద్ధతి చెబుతాయి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. పదో తరగతి పూర్తి చేయని పెద్దవాళ్ల పాత పాస్‌పోర్టుల్లో ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) ఉండవచ్చు. ఆ నిబంధన వర్తించే దేశాల జాబితాలో మలేషియా ఉంది. విహారయాత్రకు అది అడ్డు కాదు, కానీ శంషాబాద్ ఇమిగ్రేషన్‌లో అదనంగా ప్రశ్నలు అడగవచ్చు. తిరుగు టికెట్టు, హోటలు కాగితాలు వాళ్ల చేతిలోనే ఉండేలా చూడండి. అన్నీ కొడుకు ఫోనులో ఉండి, ఆ కొడుకు వేరే వరుసలో ఉంటే కంగారు తప్పదు.

ఈ అడుగు ముగిసే సరికి మీ దగ్గర ఉండాల్సినవి:

- ఆరుగురి పాస్‌పోర్టు నంబర్లు, గడువు తేదీలు, పేర్లు ఉన్నవి ఉన్నట్టుగా రాసిన ఒక కాగితం
- మొదటి, చివరి పేజీల స్కాన్ కాపీలు, ఇద్దరి ఫోనుల్లో
- గడువు చాలనివి ఉంటే పునరుద్ధరణకు దరఖాస్తు

## 2. తేదీలు, దారి

మన సెలవులు మాత్రమే చూసుకుంటే చాలదు, అక్కడి పండుగలు కూడా చూడాలి. జనవరి నెలాఖరు, ఫిబ్రవరి మధ్యలో వచ్చే చైనా కొత్త సంవత్సరానికి సింగపూర్‌లో చాలా దుకాణాలు మూతపడతాయి. రెండు దేశాల మధ్య బస్సు సీట్లు దొరకవు. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో ఫార్ములా వన్ రాత్రి పందెం జరిగే వారాంతంలో మెరీనా బే చుట్టుపక్కల హోటళ్ల ధరలు ఆకాశానికి ఎక్కుతాయి. సుబ్రహ్మణ్యస్వామి పండుగ తైపూసం నాడు, కౌలాలంపూర్ దగ్గరి గుహాలయం బటు కేవ్స్‌లో అడుగు పెట్టే చోటుండదు. ఆ జనాన్ని చూడాలనే వెళ్లేవారు వేరు, పెద్దవాళ్లతో ప్రశాంతంగా దర్శనం చేసుకుందామనుకునేవారు వేరు.

దారి విషయంలో నా సలహా స్పష్టం: సింగపూర్‌లో దిగండి, కౌలాలంపూర్ నుంచి తిరిగి రండి. వెళ్లిన దారినే మళ్లీ సింగపూర్ దాకా వెనక్కి రావద్దు. టికెట్టు సైట్లలో "మల్టీ సిటీ" అనే ఎంపిక ఇందుకే ఉంది. అలా తీసుకుంటే ఒక పూట ప్రయాణం మిగులుతుంది, సింగపూర్‌లోకి రెండోసారి ప్రవేశించే అవసరం కూడా ఉండదు. సింగపూర్ రాను, పోను టికెట్టు కాస్త చౌకగా కనిపించినా, వెనక్కి వచ్చే బస్సో విమానమో దానికి కలిపి ఆరుగురికీ లెక్క వేసి చూడండి.

ముందు సింగపూరే ఎందుకు? ఖరీదైన ఊరు, నడక ఎక్కువ. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే అది చూసేయాలి. కౌలాలంపూర్‌లో గదులు చౌక, విశాలం. చివరి మూడు రోజులు అక్కడ నింపాదిగా గడుస్తాయి, కొనుగోళ్ల బరువు కూడా అక్కడి నుంచే మోసుకొస్తారు.

## 3. విమానం: దిగే వేళను బట్టి ఎంచుకోండి

హైదరాబాదు నుంచి సింగపూర్‌కు నేరుగా వెళ్లే విమానానికి నాలుగున్నర గంటలు పట్టవచ్చు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, కౌలాలంపూర్‌లోనూ అదే సమయం. అంటే ఇక్కడ రాత్రి పదకొండుకు ఎక్కితే అక్కడ తెల్లవారి ఆరింటికి దిగుతారు. విశాఖ వైపు వారికి స్కూట్ నేరుగా సింగపూర్ విమానం నడుపుతోంది. విజయవాడ నుంచి ఇండిగో 2025 నవంబరులో సింగపూర్‌కు సర్వీసు మొదలుపెట్టింది. ఇలాంటివి వారంలో కొన్ని రోజులే ఉంటాయి. కాబట్టి ముందు విమానం ఏ రోజుల్లో ఉందో చూసి ఆ తరువాతే సెలవు పెట్టండి.

వెతకడానికి గూగుల్ ఫ్లైట్స్ వంటివి బాగుంటాయి. కొనడం మాత్రం విమాన సంస్థ సొంత సైటులోనే కొనండి. మధ్యవర్తి సైటులో నాలుగైదు వందలు తగ్గినా, తేదీ మార్చాల్సి వచ్చినప్పుడు రెండు చోట్లా రుసుము కట్టాలి, ఇద్దరి మధ్యా తిరగాలి.

ధర పోల్చేటప్పుడు ఈ వరుసలో చూడండి:

1. టికెట్టులో సామాను ఎన్ని కిలోలు? చౌక సంస్థల కనిష్ఠ ధరలో చెక్-ఇన్ సామాను ఉండకపోవచ్చు.
2. భోజనం, సీటు ఎంపిక కలిసి ఉన్నాయా? పిల్లల పక్కన కూర్చోవడానికి విడిగా కట్టాలా?
3. దిగే వేళకు మెట్రో నడుస్తుందా? చాంగీ విమానాశ్రయం నుంచి రైళ్లు ఉదయం ఐదున్నర ప్రాంతంలో మొదలవుతాయి. రాత్రి పదకొండు దాటాక వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.
4. దిగిన వేళకు, గది ఇచ్చే వేళకు మధ్య ఎన్ని గంటలు?

ఈ నాలుగూ కలిపాక చౌక అనిపించిన టికెట్టు చాలాసార్లు చౌక కాదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

అర్ధరాత్రి తేదీ: "15వ తేదీ 00:40" అంటే 14వ తేదీ రాత్రి విమానాశ్రయంలో ఉండాలి. 15వ తేదీ రాత్రి పెట్టె సర్దుకుని బయలుదేరేవారు ఇప్పటికీ ఉన్నారు. టికెట్టు కొన్న రోజే ఫోను క్యాలెండరులో విమానం వేళ కాకుండా ఇంటి నుంచి బయలుదేరే వేళ రాసుకోండి.

విడి టికెట్లు: విశాఖ నుంచి హైదరాబాదుకు ఒక టికెట్టు, అక్కడి నుంచి సింగపూర్‌కు వేరే టికెట్టు తీసుకుంటే, మొదటిది ఆలస్యమైనా రెండోవారికి సంబంధం ఉండదు. సామాను కూడా మీరే తీసుకుని మళ్లీ అప్పగించాలి. ఒకే బుకింగ్ నంబరు మీద దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే మధ్యలో కనీసం ఐదారు గంటలు వదలండి. రోడ్డు మీద విజయవాడ, కర్నూలు వైపు నుంచి వచ్చేవారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఎందుకంటే కౌంటరు విమానం వేళకు గంట ముందే మూసేస్తారు, మూడు గంటల ముందు అక్కడ ఉండాలి.

పేరులో అక్షరదోషం: టికెట్టు ఈమెయిలు రాగానే మొదట రాసుకున్న కాగితంతో పోల్చండి. అదే రోజు చెబితే సరిచేయడం సులువు. వారం తరువాత చెబితే రుసుము, బతిమాలడం రెండూ ఉంటాయి.

చక్రాల కుర్చీ: పెద్దవాళ్లు "మేము నడవగలం" అంటారు. నడవగలరు, కానీ చాంగీలోనూ కౌలాలంపూర్‌లోనూ గేటు నుంచి ఇమిగ్రేషన్ దాకా నడక పొడవు. టికెట్టు తీసుకున్నప్పుడే, కనీసం రెండు రోజుల ముందు అయినా విమాన సంస్థకు చెప్పండి.

## 4. వీసా, రాక పత్రాలు

సింగపూర్‌కు భారతీయులకు వీసా కావాలి. గుర్తింపు పొందిన వీసా ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేస్తారు. ఫారం 14ఏ, తెల్లటి నేపథ్యంలో ఇటీవలి ఫోటో, పాస్‌పోర్టు కాపీ, టికెట్టు, హోటలు వివరాలు ఇవ్వాలి. ప్రభుత్వ రుసుము 30 సింగపూర్ డాలర్లు, వీసా రాకపోయినా అది తిరిగి రాదు. ఏజెంటు తన రుసుము దానికి కలుపుతాడు. ప్రయాణానికి నెల రోజుల లోపు దరఖాస్తు చేసుకోవడం పద్ధతి. మూడు నెలల ముందే చేసేయాలని తొందరపడనక్కర్లేదు, చివరి వారం దాకా ఆగనూ వద్దు. మూడు వారాల ముందు అయితే బాగుంటుంది.

మలేషియా 2023 డిసెంబరు నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశం ఇస్తోంది. ఆ వెసులుబాటును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. మీ ప్రయాణం ఆ తేదీకి దగ్గరగా గానీ, దాని తరువాత గానీ ఉంటే మలేషియా ఇమిగ్రేషన్ సైటు చూశాకే టికెట్టు కొనండి.

రెండు దేశాలకూ ఆన్‌లైన్ రాక పత్రం నింపాలి. సింగపూర్‌ది ఎస్‌జీ అరైవల్ కార్డు, మలేషియాది ఎండీఏసీ. రెండూ చేరే తేదీకి మూడు రోజుల లోపే నింపాలి, రెండూ ఉచితం. ఇక్కడే మోసం పొంచి ఉంది. వెతికితే మొదట కనిపించే కొన్ని సైట్లు అచ్చం ప్రభుత్వ సైటులా ఉండి డబ్బు అడుగుతాయి. కార్డు నంబరు అడిగిందంటే అది అసలు సైటు కాదని వెంటనే మూసేయండి. ఆరుగురికీ ఆరు పత్రాలు కావాలి, పిల్లలకూ విడిగా నింపాలి.

## 5. హోటలు: స్టేషనుకు ఎంత దూరం, గదిలో ఎందరు

టికెట్టు కొన్న పూటే, రద్దు చేసుకునే వీలున్న గదులు పట్టి ఉంచండి. ముగ్గురు పట్టే గదులు ముందుగా అయిపోతాయి. తరువాత నింపాదిగా వెతికి మంచిది దొరికితే మార్చుకోవచ్చు.

సింగపూర్‌లో మన కుటుంబాలకు లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ ప్రాంతం సౌకర్యంగా ఉంటుంది. సెరంగూన్ రోడ్డు పొడవునా శాకాహార భోజనశాలలు, గుళ్లు, ముస్తఫా సెంటరు అనే పెద్ద దుకాణం ఉన్నాయి. పైగా రెండు స్టేషన్లూ నార్త్ ఈస్ట్ లైను మీదివే. కాస్త నిశ్శబ్దం కావాలంటే బూగిస్, లావెండర్ చూడండి. మెరీనా బే పక్కన గది తీసుకుంటే కిటికీలోంచి దృశ్యం బాగుంటుంది, కానీ ఇడ్లీ కోసం రైలెక్కాలి.

గది ఎంచుకునేటప్పుడు వివరాల్లో వెతకాల్సినవి:

- కిటికీ ఉందా? సింగపూర్ చౌక హోటళ్లలో కిటికీ లేని గదులు మామూలే. "నో విండో" అని చిన్న అక్షరాల్లో రాస్తారు. ఒక రాత్రికి ఫరవాలేదు, నాలుగు రాత్రులు పెద్దవాళ్లకు ఊపిరాడనట్టు ఉంటుంది.
- ధరలో పన్నులు కలిశాయా? ధర పక్కన రెండు కూడిక గుర్తులుంటే దానికి 10 శాతం సేవా రుసుము, 9 శాతం జీఎస్‌టీ అదనం. మలేషియాలో విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్ పర్యాటక పన్ను ఉంటుంది, దాన్ని తరచుగా హోటల్లోనే కట్టించుకుంటారు.
- ఎందరికి అనుమతి? పిల్లల వయసు నిజంగా ఉన్నదే వేసి వెతకండి. ఇద్దరి గది తీసుకుని నలుగురు సర్దుకుందామంటే ఇక్కడ కుదరదు, కౌంటరు దగ్గరే ఆపుతారు.
- డబుల్ అంటే ఒకే పెద్ద మంచం, ట్విన్ అంటే రెండు చిన్న మంచాలు. పెద్దవాళ్లకు, పిల్లలకు ఏది నప్పుతుందో చూసుకోండి.
- స్టేషను గేటు నుంచి ఎన్ని నిమిషాల నడక? మ్యాపులో మీరే కొలవండి, హోటలు రాసిన "5 నిమిషాలు" నమ్మవద్దు. లిఫ్టు ఉన్న గేటు ఏ వైపు ఉందో కూడా చూడండి.

ఆరుగురికి రెండు గదులు తీసుకుంటే, మధ్యలో తలుపున్న జంట గదులు ఉన్నాయేమో ఈమెయిలులో అడగండి. కనీసం ఒకే అంతస్తులో ఇవ్వమని రాయండి. ప్రైవేటు ఇళ్లను తక్కువ రోజులకు అద్దెకిచ్చే సైట్లను సింగపూర్‌లో తీసుకోవద్దు. అక్కడ మూడు నెలల లోపు అలా ఇవ్వడం చట్టవిరుద్ధం. ధర ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తే పెట్టెలతో రోడ్డు మీద నిలబడేది మనమే.

ఇక తెల్లవారి దిగేవారి సమస్య. 10వ తేదీ రాత్రి ఎక్కి 11వ తేదీ ఉదయం ఆరింటికి దిగుతారనుకుందాం. గది 11వ తేదీ నుంచే తీసుకుంటే మధ్యాహ్నం రెండు, మూడింటి దాకా ఆగాలి. యువ దంపతులైతే సామాను హోటల్లో పెట్టి ఊరు తిరిగేయవచ్చు. పెద్దవాళ్లుంటే కనీసం ఒక గదిని 10వ తేదీ నుంచే తీసుకోండి, ఆ ఖర్చు దండగ కాదు. కానీ "10వ తేదీకి బుక్ చేశాం, 11 ఉదయం ఏడున్నరకు వస్తాం" అని హోటలుకు ముందే రాసి జవాబు తెప్పించుకోండి. రాయకపోతే రాత్రి రాలేదని మొత్తం బుకింగే రద్దు చేసే ప్రమాదం ఉంది.

## 6. చాంగీ నుంచి గది దాకా, ఆపై ఊళ్లో

మెట్రో స్టేషను రెండో, మూడో టెర్మినళ్ల కింద ఉంది. ఒకటో టెర్మినల్ నుంచి స్కైట్రెయిన్ ఉంది, నాలుగో టెర్మినల్‌లో దిగితే ఉచిత షటిల్ బస్సు ఎక్కాలి. తనా మెరాలో ఈస్ట్ వెస్ట్ లైనుకు మారితే లావెండర్, బూగిస్ నేరుగా చేరతారు. లిటిల్ ఇండియాకు ఎక్స్‌పోలో డౌన్‌టౌన్ లైను ఎక్కితే మళ్లీ మారే పని లేదు, అయితే అది చుట్టు తిరిగి వెళ్తుంది.

ఇద్దరైతే మెట్రోనే మేలు. ఆరుగురు, ఆరు పెట్టెలు, రాత్రి నిద్ర లేని పిల్లలు అయితే గ్రాబ్ యాప్‌లో ఆరు సీట్ల బండి పిలవండి. ఇక్కడ ఒక నిబంధన ఉంది: 1.35 మీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు కారులో పిల్లల సీటు తప్పనిసరి. మామూలు టాక్సీలకు మినహాయింపు ఉంది కానీ గ్రాబ్ ప్రైవేటు కార్లకు లేదు. పిల్లల సీటున్న బండి దొరకకపోతే టాక్సీ వరుసలో నిలబడి రెండు టాక్సీలు తీసుకోండి. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా మీటరు మీద 50 శాతం అదనం, విమానాశ్రయం అదనం వేరే. ఆరింటికి దిగి ఇమిగ్రేషన్ ముగించుకుని బయటికి వచ్చేవారికి మొదటిది తప్పుతుంది.

ఊళ్లో తిరగడానికి వీసా, మాస్టర్‌కార్డు బ్యాంకు కార్డులను గేటు మీద తాకిస్తే చాలు, టికెట్టు కొనక్కర్లేదు. విదేశీ కార్డు వాడిన ప్రతి రోజుకూ 60 సెంట్లు రుసుము పడుతుంది. నాలుగు రోజులకు ఇది పెద్ద ఖర్చు కాదు, కానీ మన బ్యాంకు విదేశీ మారకపు రుసుము కూడా కలుస్తుంది. ఆరుగురికి ఆరు కార్డులు లేకపోతే పెద్దవాళ్లకు ముందే డబ్బు వేసుకుని వాడే ఈజీ-లింక్ ప్రయాణ కార్డులు కొనివ్వండి.

తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి:

- ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. మనిషికో కార్డు ఉండాలి.
- లోపలికి ఫోను తాకించి, బయటికి అదే బ్యాంకు ప్లాస్టిక్ కార్డు తాకిస్తే వ్యవస్థ వాటిని రెండు వేర్వేరు కార్డులుగా చూస్తుంది, గరిష్ఠ ఛార్జీ పడుతుంది. దేనితో వెళ్లారో దానితోనే రండి.
- బస్సు దిగేటప్పుడు కూడా తాకించాలి. మరిచిపోతే చివరి స్టాపు దాకా ఛార్జీ పడుతుంది.
- 0.9 మీటర్ల లోపు ఎత్తున్న పిల్లలు పెద్దవాళ్లతో కలిసి ఉచితంగా వెళ్లవచ్చు. అంతకంటే ఎత్తున్న, ఏడేళ్ల లోపు పిల్లలకు రాయితీ కార్డు ఉంది, స్టేషను టికెట్టు కార్యాలయంలో అడగండి.
- రైల్లో తినడం, తాగడం నిషేధం. మంచినీళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. పిల్లలకు ప్లాట్‌ఫారం చేరకముందే నీళ్లు తాగించండి.

ప్రతి రోజూ ఒకే దిక్కు పెట్టుకోండి. సెంతోసా అనే వినోద ద్వీపానికి ఫారర్ పార్క్ నుంచి నార్త్ ఈస్ట్ లైనులో హార్బర్‌ఫ్రంట్ దాకా మారకుండా వెళ్లి, అక్కడి నుంచి సెంతోసా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ద్వీపం లోపల బస్సులు ఉచితం. గార్డెన్స్ బై ద బేకు బేఫ్రంట్ స్టేషను. జంతు ప్రదర్శనశాల, నైట్ సఫారీ ఉన్న మండాయి ఊరికి ఉత్తరాన ఉంది, ఖాతిబ్ స్టేషను నుంచి షటిల్ బస్సులున్నాయి. నైట్ సఫారీ నుంచి తిరిగి వచ్చే వేళకు పిల్లలు నిద్రపోతారు, ఆ రాత్రికి టాక్సీ డబ్బు ముందే లెక్కలో వేసుకోండి. సెంతోసా, నైట్ సఫారీ ఒకే రోజు పెట్టే ప్రణాళిక కాగితం మీదే బాగుంటుంది.

## 7. సింగపూర్ నుంచి కౌలాలంపూర్

విమానం గాల్లో ఉండేది గంట. కానీ రెండు గంటల ముందు చాంగీ చేరడం, దిగాక ఇమిగ్రేషన్, ఊళ్లోకి గంట ప్రయాణం కలిపితే ఐదు గంటలు అవుతుంది. బస్సుకు ఐదారు గంటలు. సమయంలో పెద్ద తేడా లేదు.

తేడా శ్రమలో ఉంది. బస్సు వారు సింగపూర్ సరిహద్దులో ఒకసారి, మలేషియా సరిహద్దులో ఒకసారి దిగాలి. రెండోసారి పెట్టెలు కూడా దింపి తనిఖీ చేయించాలి. శుక్రవారం సాయంత్రం, శనివారం ఉదయం, సింగపూర్ బడి సెలవుల్లో సరిహద్దు దగ్గర గంటల తరబడి ఆగిపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే విమానమే ఎక్కించండి. అందరూ చురుకైనవారైతే, వారం మధ్యలో ఉదయం బస్సు హాయిగా ఉంటుంది, మలక్కాలో ఒక రాత్రి ఆగాలన్నా అదే దారి.

బస్సు వారికి మూడు జాగ్రత్తలు. ఎక్కగానే బస్సు నంబరు ప్లేటు ఫోటో తీసుకోండి, సరిహద్దులో ఒకే రంగు బస్సులు పది ఉంటాయి. డ్రైవరు ఎంతసేపు ఆగుతాడో ముందే అడగండి, వరుస పెద్దదై ఆలస్యమైతే అదే సంస్థ తరువాతి బస్సులో ఎక్కిస్తారేమో తెలుసుకోండి. చివరగా బస్సు ఎక్కడ దింపుతుందో టికెట్టులో చూడండి. చాలా బస్సులు టీబీఎస్ అనే పెద్ద బస్ స్టేషనుకు వెళ్తాయి. అది ఊరికి దక్షిణాన ఉంది, అక్కడి నుంచి కేఎల్ సెంట్రల్ అనే కౌలాలంపూర్ ప్రధాన రైల్వే స్టేషనుకు రైలు దొరుకుతుంది.

## 8. కౌలాలంపూర్‌లో

గది కేఎల్ సెంట్రల్ దగ్గర, బ్రిక్‌ఫీల్డ్స్‌లో తీసుకోండి. బుకిత్ బింతాంగ్‌లో సందడి ఎక్కువ, కుటుంబాలకు రాత్రి నిద్ర తక్కువ. బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరటి ఆకు భోజనం నడక దూరంలో ఉంటుంది. కేఎల్ సెంట్రల్ నుంచి పెట్రోనాస్ జంట భవనాలకు, బటు కేవ్స్‌కు, విమానాశ్రయానికి రైళ్లు నేరుగా ఉన్నాయి.

బటు కేవ్స్‌లో 272 మెట్లున్నాయి. ఉదయం ఎండ ఎక్కకముందు వెళ్లండి. మెట్లెక్కలేనివారికి కింద కూడా గుళ్లున్నాయి. జంట భవనాల వంతెన టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనాలి, సోమవారం మూసి ఉంటుంది.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్ అరగంటలో తెస్తుంది, పెద్దలకు టికెట్టు 55 రింగిట్. ఒక్కరికి ఇది బాగుంది. ఆరుగురికి ఆరు సీట్ల గ్రాబ్ చాలా చౌక, పైగా హోటలు గుమ్మం దాకా వస్తుంది. ఊళ్లో కూడా గ్రాబ్ చవకే, అయితే సాయంత్రం వాన పడితే ధర పెరుగుతుంది, బండి దొరకదు. ఆ వేళ రైలు దగ్గర ఉండేలా చూసుకోండి.

## 9. డబ్బు, ఫోను: ఇంటి దగ్గరే చేయాల్సినవి

మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం, తాకించే చెల్లింపు రెండూ సాధారణంగా ఆపి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో రెండింటినీ తెరవండి, పరిమితి పెట్టండి. గేటు దగ్గర ఎర్ర దీపం వెలిగాక ఓటీపీ కోసం తంటాలు పడకూడదు. ఆ ఓటీపీ రావాలంటే భారత సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ కూడా ముందే తెరిచి ఉండాలి. ఇంటర్నెట్‌కు ఈ-సిమ్ చాలు. గ్రాబ్ యాప్‌ను భారత నంబరుతో ఇంటి దగ్గరే నమోదు చేసుకోండి.

దుకాణంలో యంత్రం "రూపాయల్లో చెల్లిస్తారా?" అని అడిగితే వద్దనండి, స్థానిక డబ్బునే ఎంచుకోండి. రూపాయల్లో చూపే రేటు మనకు ఎప్పుడూ నష్టమే.

బీపీ, షుగరు ఉన్నవారికి ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఆ జబ్బులు దాచకండి. దాస్తే అవసరమైన రోజున బీమా పనికి రాదు.

## 10. సామాను: వదిలి వెళ్లాల్సినవే ముఖ్యం

- గసగసాలు. సింగపూర్‌లో ఇవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. మసాలా పొడుల్లో కలిపినవి ఉన్నాయేమో అత్తగారిని అడిగి చూసుకోండి.
- చికెన్, మటన్ పచ్చళ్లు. భారత్ నుంచి మాంసం పదార్థాలను రానివ్వరు. ఆవకాయ, గోంగూర చెక్-ఇన్ పెట్టెలో, గట్టిగా మూసి పెట్టండి.
- చూయింగ్ గమ్, ఈ-సిగరెట్లు. సిగరెట్లకు సింగపూర్‌లో సుంకం మినహాయింపు ఒక్క పెట్టెకు కూడా లేదు.
- మందులు వదలకూడదు, కానీ డాక్టరు చీటీతో, అసలు పట్టీల్లోనే, చేతి సంచిలో పెట్టండి. నిద్రమాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు మందు వంటివాటికి సింగపూర్ ముందస్తు అనుమతి అడగవచ్చు, కనుక వారి ఆరోగ్య విభాగం సైటులో చూడండి.
- పవర్ బ్యాంకు చేతి సంచిలోనే, చెక్-ఇన్ పెట్టెలో కాదు.
- రెండు దేశాల్లోనూ మూడు చదరపు పిన్నుల ప్లగ్గే. మన గుండ్రటి పిన్నులు పట్టవు. రెండు అడాప్టర్లు, ఒక బహుళ సాకెట్టు తీసుకుంటే ఆరు ఫోనులకూ సరిపోతాయి.

## 11. తిరుగు రోజు

కౌలాలంపూర్ విమానాశ్రయంలో రెండు టెర్మినళ్లు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. మలేషియా ఎయిర్‌లైన్స్ ఒకటో టెర్మినల్ నుంచి, ఎయిర్ ఏషియా రెండో దాని నుంచి నడుస్తాయి. గ్రాబ్‌లో గమ్యం పెట్టేటప్పుడే టెర్మినల్ ఎంచుకోండి. పొరపాటున వేరేదాంట్లో దిగితే రెండింటి మధ్య రైలుంది, మూడు నిమిషాల ప్రయాణం, కానీ రైలు కోసం ఆగే సమయం వేరే.

విమానం రాత్రిదైతే గదిని మధ్యాహ్నమే ఖాళీ చేయాలి. సామాను హోటల్లో పెట్టి ఆరు గంటలు మాల్‌లో తిరగడం పిల్లలకు సరదా, పెద్దవాళ్లకు శిక్ష. ఒక గదిని సాయంత్రం ఆరు దాకా ఉంచుకోవడానికి ఎంత అడుగుతారో ముందురోజే మాట్లాడండి, సగం అద్దెకు ఒప్పుకునే హోటళ్లున్నాయి. ఆ లోపు పెట్టెలు తూకం వేసి, బరువులు సర్దేయవచ్చు.

శంషాబాద్‌లో అర్ధరాత్రి దిగేవారు ఇంటికి వెళ్లే బండి గురించి విమానం ఎక్కేముందే ఆలోచించాలి. పుష్పక్ బస్సు మీ వైపు ఏ వేళకు ఉందో చూసుకోండి. విజయవాడ, వరంగల్ వైపు వెళ్లాల్సినవారు నిద్రమత్తు డ్రైవరుతో రాత్రంతా రోడ్డు మీద వెళ్లేకంటే, విమానాశ్రయం దగ్గర నాలుగు గంటలు గది తీసుకుని తెల్లవారాక కదలండి.